చెఱకు దీవిలో సెలవు దినము



మన కుల మహాసభ వార్షిక సంచికలలో వంశచరిత్రలు, గోత్రముల పట్టికలు, విద్యార్థి వసతిగృహముల నివేదికలు, దాతల నామావళులు ప్రకటింపబడుచుండుట చదువరులకు విదితమే. నేనీ పర్యాయము వేఱొక విషయమును మీ సమక్షమున నుంచ సాహసించుచున్నాను. పనిలేని దినమున జనులేమి చేయుదురు? ఎవరి యిండ్లకు బోవుదురు? ఎవరి ప్రక్కన విస్తరి వేసికొని భుజింతురు? ఇవి స్వల్పమైన ప్రశ్నలుగా దోచవచ్చును. కాని స్వదేశమును విడిచి సముద్రమధ్యమున నొక దీవిలో జీవించిన తెలుగువారి చరిత్రను బరికించినచో, వారికి తెలుగువారను పేరును నిలిపినది వారు పొలములో గడపిన ఆఱు దినములు గాక ఏడవదినమే యని తెలియును. కార్తికమాసమున కందకుర్తి సంగమమున వనభోజనములు జరుపుకొను మనమా చరిత్రనుండి గ్రహింపదగిన పాఠమొకటి కలదు. ఆ పాఠమును విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

సంగమమునుండి కోరంగి వఱకు

గోదావరి తెలంగాణమున బ్రవేశించు చోట కందకుర్తి యున్నది. నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములోని ఈ గ్రామమునొద్ద మంజీర, హరిద్ర యను నదులు గోదావరిని గలియుటచే నిది త్రివేణీసంగమమని ప్రసిద్ధి కెక్కెను. నదీగర్భమున ప్రాచీనమైన రాతి శివాలయ మొకటి కలదు. నీరు తగ్గినపుడు యాత్రికులు దానిని దర్శింతురు. వఱద వచ్చినపుడది మునిగి యుండును. అమావాస్యలందును, శివరాత్రినాడును, కార్తికమునను చుట్టుప్రక్కల గ్రామములవారు, మహారాష్ట్రమునుండి వచ్చువారు, పితృకార్యములకు వచ్చువారు ఇచట గూడుదురు. 2015 జూలై మాసమున గోదావరీ పుష్కరములకు వచ్చిన జనసమ్మర్దమును మనలో ననేకులు కన్నులార జూచియున్నారు.

ఇచట గోదావరిని గలియు మంజీరయే మన ప్రాంతమునకు చెఱకును దెచ్చినది. ఆ నదిపై నిజాము ప్రభుత్వమువారు నవాబు అలీ నవాజ్ జంగ్ గారి యాధ్వర్యవమున 1923వ సంవత్సరమున మొదలిడి 1931 నాటికి నిజాంసాగరమును నిర్మించిరి. కాలువలు పాఱినపిమ్మట బోధను ప్రాంతమున చెఱకు తోటలు విస్తరించెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై, శక్కరునగరము వెలసెను. అది యొకప్పుడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్దదని పేరుగాంచెను. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు బోయి, 2015 డిసెంబరులో మూతపడెను. ఆ కర్మాగారపు కూతను బట్టి పొద్దు దెలిసికొన్న కుటుంబములు మన సంఘములో లేకపోలేదు.

ఆ కాలువల క్రింద సేద్యము చేయుటకు కృష్ణా, గోదావరీ మండలములనుండి రైతులు తరలివచ్చిరి. వారు నివసించిన చోట్లకు క్యాంపులని పేరు వచ్చెను. నేటికిని బోధను, వర్ని ప్రాంతములలో పేరు చివర క్యాంపు అను మాటగల గ్రామములు పెక్కు గలవు. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొన వేడెదను. ఇది మఱల వచ్చును.

కందకుర్తి దాటిన గోదావరి బాసర మీదుగా సాగి, దిగువకు బోయి, ధవళేశ్వరమునొద్ద చీలి సముద్రమున గలియును. ఆ పాయలలో గౌతమీ ముఖద్వారమునకు సమీపమున కోరంగి రేవు గలదు. ఓడలు గట్టుటకును ఓడ వర్తకమునకును పేరుబడిన ఆ రేవును 1789లోను 1839లోను సంభవించిన తుపానులు ధ్వంసము చేసెను. బర్మాదేశమున తెలుగు కూలీలకు కోరంగీలని పేరు వచ్చుటకు ఈ రేవే కారణము. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము మున్నగు రేవులనుండియు, మద్రాసునుండియు తెలుగువారు సముద్రము దాటిరి. నాడు మన మండలము నైజాము రాజ్యములోనిది. దాటినవారిలో నధికులు తీరప్రాంతమువారు. అయినను మన సంగమమును దాటిన నీరే వారి రేవును జేరినది. బోధను క్యాంపులకు వచ్చినవారును ఆ తీరముననుండి వచ్చినవారే. కాబట్టి వారి చరిత్ర మనకు పరాయిది కాదు.

ఒడంబడిక

హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పున, మారిషస్ అను దీవి కలదు. ఫ్రెంచివారి యధీనమున నుండిన ఆ దీవిని ఆంగ్లేయులు 1810లో జయించిరి. చెఱకు తోటలలో ఆఫ్రికా, మడగాస్కరులనుండి తెచ్చిన బానిసలు పనిచేయుచుండిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన అచట బానిసత్వము రద్దుకాగా, తోటల యజమానులు కూలీల కొఱకు భారతదేశము వంక జూచిరి. అంతకు కొంచెము ముందుగనే, 1834 నవంబరు 2వ తేదీన, అట్లాస్ అను ఓడ కలకత్తానుండి 36 మందిని గొనిపోయి పోర్టు లూయీ రేవున దింపెను. నాటినుండి 1910 వఱకు దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒడంబడికపై ఆ దీవిని జేరిరి. మధ్య దురాచారముల వార్తలు వెలువడుటచే కొన్నేండ్లు నిలిపివేయబడిన వలస, 1842 నాటి చట్టముతో మఱల సాగెను. 1861 నాటికే ఆ దీవి జనులలో మూడింట రెండువంతులకు సమీపముగ భారతీయులుండిరి.

ఏల వెళ్లిరి? 1832–33 నాటి నందన కఱవు గుంటూరు సీమను శ్మశానము గావించెను. 1839 తుపాను గోదావరీ తీరమును ముంచెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 వఱకు పూర్తికాలేదు. 1866లో గంజాము కఱవు, 1876–78లో దక్షిణదేశమంతట మహాక్షామము సంభవించెను. ఆకలిగొన్నవానికి నెలకు 5 రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు, బట్ట యను మాట వినబడగా వ్రేలిముద్ర వేసెను. అయిదేండ్ల ఒడంబడికలో నేముండెనో వాడు చదువలేదు.

రేవున దిగినవారు 1849లో నిర్మింపబడిన వలస కచేరిలో మెట్లెక్కి తమ పేళ్లు వ్రాయించుకొనవలెను. ఆ మెట్లు 16. ఆ స్థలమే నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006 నుండి ప్రపంచ వారసత్వ స్థలముగ గౌరవింపబడుచున్నది. చిట్టాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, గ్రామము, కులము వ్రాసికొని యొక సంఖ్య నిచ్చెడివారు. పిమ్మట వారిని ఎస్టేటునకు జేర్చెడివారు. ఎస్టేటు చివర గడ్డి కప్పిన గుడిసెల వరుసలు వారి నివాసము. ఆ నివాసములకు అచట క్యాంపు అనియే పేరు. దీవి భాషయగు క్రియోలులో నదే కాన్ అయ్యెను. చెఱకు తోట ప్రక్కన కూలీ తెలుగువాడు నివసించిన చోటునకును, ఒక శతాబ్దము పిమ్మట చెఱకు కాలువ ప్రక్కన రైతు తెలుగువాడు నివసించిన చోటునకును ఒకే పేరు గలుగుట గమనింపదగినది.

ఆదివారమునకు వెల

తోటపనికి సూర్యోదయమునకు ముందే గంట మ్రోగును. జూను మొదలు డిసెంబరు వఱకు చెఱకు నఱకు కాలము. అపుడు గానుగలు ఆగవు. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోత పడును. దీనిని జోడు కోత యనిరి. జ్వరముతో పడియున్నవానికి సయితము తఱచుగ నిదియే గతి. ఇట్టి లెక్కలో నెలాఖరునకు చేతికి వచ్చునది స్వల్పము. పలుచోట్ల నదియు నెలల తరబడి బాకీ.

ఆదివారము సెలవని వ్రాతలో నుండెను. అయినను ఉదయమున పశువులకు మేత వేసి, కొట్టములు శుభ్రపఱచి, ఎస్టేటు ఆవరణమును తుడిచిన పిమ్మటనే సెలవు. ఈ వెట్టిని కోర్వే యనిరి. అది ముగిసినపిమ్మట మిగిలిన పగలే వాని సొంతము. ఆ కొద్ది కాలములో గుడ్డలుదుకుకొనుట, తల గొఱిగించుకొనుట, అంగడికి బోవుట, పొయ్యికి కట్టెలేరుకొనుట జరుగవలెను. ఆపై తన భాష మాటలాడువాడు పొరుగు ఎస్టేటులో నున్నాడని వినినచో, నడచిపోయి పలుకరింపవలెను.

ఈ నడకయే నేరమాయెను. ఒడంబడిక ముగిసిన పాత కూలీలు స్వేచ్ఛగ నివసింప మొదలిడగా యజమానులకు కూలీల కొఱత భయము పట్టెను. 1867 నాటి శాసనము వారిని ఛాయాచిత్రము అంటించిన చీటితో, పోలీసుల అనుమతిపత్రముతో దిరుగుమనెను. చీటి లేకుండ తన జిల్లా దాటి కనబడినవాడు దేశదిమ్మరి యను నేరముపై నిర్బంధింపబడుచుండెను. వేలాదిమంది పట్టుబడిరి. చుట్టమును జూడ బయలుదేరినవాడు చెఱసాలలో దేలుట సాధారణమాయెను.

అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అను ఐరోపీయుడొకడు వీరి మొఱ విని, 9,401 మంది పాత వలసవారి సంతకములతో 1871లో గవర్నరునకు విజ్ఞాపనమొకటి సమర్పించెను. తోటల యజమానులు వానిపై గావించిన దౌర్జన్యము చరిత్రప్రసిద్ధము. ఆ విజ్ఞాపన ఫలితముగ రాజవిచారణసంఘము నియుక్తమై, 1875లో నివేదిక వెలువరించెను. 1878లో కార్మిక శాసనము మాఱెను. ఆ తొమ్మిదివేల పైచిలుకు మంది యడిగిన వానిలో ప్రధానమైనది దారిని నిర్భయముగ నడచు హక్కు. ఒక మనిషి మఱియొక మనిషిని చూచి రావలెనన్న కోరికకు చట్టము అడ్డుపడుటను వారు సహింపలేదు. నేడు మనము బస్సెక్కి పెండ్లికి బోవుచు దీని విలువ నెఱుగము.

ఓడ చుట్టరికము

ఇపుడు మన సంచికకు ముఖ్యమగు విషయమునకు వచ్చెదను. చిట్టాలో కులమునకు గడి యుండినదని చెప్పితిని. ఓడపై నా గడి నిలువలేదు. వారముల తరబడి ఒకే వంటశాలలో వండినది ఒకే వరుసలో గూర్చుండి తినవలసి వచ్చెను. నీటిపీపా యొకటి. తుపాను వచ్చినపుడు ఒకరిచేయి యొకరు పట్టుకొనిరి. దిగిన పిమ్మట ఒకే ఓడలో వచ్చినవారు ఒకరి నొకరు జహాజీ సోదరులని పిలుచుకొనిరి. ఈ చుట్టరికమును మారిషసులోనే గాక ఫిజీయందును కరీబియను దీవులందును చెఱకు తోటలకేగిన భారతీయులందఱు పాటించిరి. ఆపదలో అప్పు, శుభకార్యమున పెద్దఱికము, శవమును మోయ భుజము ఈ చుట్టములే యిచ్చిరి.

ఇంటిపేళ్లు సయితము పోయెను. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. కచేరి గుమాస్తా కిది యర్థము కాలేదు. వలస వచ్చిన వాని సొంతపేరే ఫ్రెంచి వర్ణక్రమమున వ్రాయబడి, తరువాతి తరముల కింటిపేరాయెను. అప్పన్న మనుమడు, రామన్న మనుమడు తమ తాతపేళ్లనే వంశనామములుగా ధరించియున్నారు. నేడు వారి సంతతివారు మోకా గ్రామములోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపఱచిన చిట్టాలను దెఱచి, తాతగారి గ్రామము, జిల్లా, ఇంటిపేరు వెదకికొనుచు ఆంధ్రదేశమునకు వచ్చుచున్నారు. వంశావళులను అచ్చువేయించు మనము వారి వెదకులాటను కడుపునొప్పితో గాని చూడజాలము.

అయినను కులము దీవిలో నిశ్శేషముగ నశించెనని చెప్పుట సత్యము కాదు. హిందీ భాషీయులలో కులముల పేరిట సంఘములేర్పడి, ఎన్నికలలో లెక్కకు వచ్చుచున్నవి. తెలుగువారి విషయమున మాత్రము తెలుగు అను మాటయే కులము యొక్క స్థానమును జాలవఱకు ఆక్రమించెను. తమిళులు, మరాఠీలు, తెలుగువారు అని భాషను బట్టి సమాజములు నిలిచినవి. సంఖ్యలో నల్పులగు వారు విడివిడిగ బంతులు వేసికొన్నచో నే బంతియు నిండెడిది కాదు. అందుచే బంతి యొక్కటియే వేసిరి.

భజన, అమ్మోరు, సముద్రతీరము

పందొమ్మిదవ శతాబ్ది చివర చక్కెర ధర పడిపోగా, ఎస్టేటుల యజమానులు అంచునున్న భూములను ముక్కలుగ నమ్మిరి. ఆదివారపు చిల్లరను గూడబెట్టిన కూలీలు, సర్దారులు ఆ ముక్కలను గొనిరి. క్యాంపు విడిచి గ్రామము గట్టుకొనిరి. గ్రామమునకొక బైఠకా, అనగా సాయంకాలమున గూడు చావడి, వెలసెను. అచటనే పిల్లలకు అక్షరములు, పెద్దలకు పురాణ కాలక్షేపము, తగవుల తీర్పు. 1901లో గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు సుమారు మూడు వారము లా దీవిలో నాగి, పిల్లలను చదివింపుడని బోధించెను. 1907లో మణిలాల్ డాక్టరను న్యాయవాది వచ్చి కూలీల పక్షమున వాదించెను. 1940ల దశకమున తెలుగువారు తమ ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

తెలుగువారి పండుగలలో సింహాద్రి అప్పన్న పూజ ముఖ్యమైనది. వారి పూర్వులలో పెక్కుమంది విశాఖ మండలమువారగుటయే దీనికి హేతువు. అమ్మోరు పండుగనాడు వేపమండలతో, పసుపుతో, కుండలతో స్త్రీలు ఊరేగుదురు. రామభజనమున దీపమును మధ్య నుంచి, దాని చుట్టు అడుగులు వేయుచు తెల్లవాఱువఱకు పాడుదురు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమైన ఆ దేశమున తెలుగును పాఠశాలలలో బోధించుచున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచటనే జరిగెను. శివరాత్రినాడు హిందువులందఱు తెల్లని బట్టలు ధరించి, కావళ్లు మోసికొని, గంగా తలావ్ అను కొండసరస్సునకు కాలినడకను బోవుదురు. 1898 ప్రాంతమున మొదలైన ఈ యాత్రలో, 1972లో గంగాజలమును దెచ్చి ఆ సరస్సున గలిపిరి. కందకుర్తికి శివరాత్రినాడు నడచివచ్చువారి కిది చెప్పక తెలియును: నది లేనిచోట సరస్సునే నదిగా జేసికొనిరి.

మఱి ఆదివారములు? పాస్ చీటి లేనిదే కదలరాని దీవిలో నేడు ఆదివారమున కుటుంబములు కూడి బస్సు మాటాడుకొని సముద్రతీరమునకు బోవుచున్నవి. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, మోన్ షోయిజీ, బెల్ మార్, బ్లూ బే మున్నగు తీరములలో సరుగుడు చెట్ల నీడలయందు చాపలు పఱచుదురు. ఇంటినుండి తెచ్చిన బిర్యానీ గిన్నెలు, పప్పు పూరీలు, మిరపకాయ బజ్జీలు, పచ్చళ్లు విప్పుదురు. పిల్లలు నీటిలో నాడుదురు. ముసలివారు చెట్టు మొదట గూర్చుండి పేకాడుదురు. మధ్యాహ్నము గడచిన పిమ్మట ఎవరో రవానె యను మేకతోలు డప్పును వెచ్చజేసి సెగా పాట నెత్తుకొందురు. ఆ పాట తోటలలో బానిసలుగ నుండిన ఆఫ్రికావారి సృష్టి. 2014లో ప్రపంచ సాంస్కృతిక వారసత్వమున చేరెను. ముందు బానిస, వెనుక కూలీ, ఇరువురు నొకే చెఱకు క్రింద నలిగినవారు. నేడు కూలీ మనుమడు బానిస మనుమడి పాటకు అడుగు వేయుచున్నాడు.

ఇందు దుఃఖమును గలదు. ఇండ్లలో మాటలాడునది క్రియోలు. తెలుగు నానాటికి పాఠ్యపుస్తకమునకు, దేవతామందిరమునకు పరిమితమగుచున్నది. అర్థము సంపూర్ణముగ దెలియకయే భజన పాడువారు గలరు. ఈ స్థితిని జూచి వారిని నిందింపదగదు. ఎందుకన, మాట పోయినచోట గూడ పాట నిలిచినది. పాట నిలుచుటకు కారణము, దానిని పాడుటకు పదిమంది కూడు దినము నిలిచియుండుటయే. ఇంటిలో నొంటరిగ కాపాడబడినది పోయెను. పదుగురు కూడి చేసినది మిగిలెను.

ఫిజీలో వార్షికసభ

పసిఫిక్ సముద్రమునందలి ఫిజీ దీవులలో నిదే కథ మఱియొక విధముగ నడచెను. 1879లో లియోనిడాస్ అను ఓడతో మొదలైన వలసలో దక్షిణదేశీయులు 1903నుండి చేరిరి. అచటి ఒడంబడికలో సోమవారము మొదలు అయిదు దినములు దినమునకు 9 గంటలు, శనివారము 5 గంటలు పని, ఆదివారము సెలవు. ఒడంబడికకు ఆంగ్లమునందలి అగ్రిమెంటు మాట విఱిగి గిరిమిట్ అని పేరు వచ్చెను. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చొప్పున బంపవలెనను నియమముచే సంసారము లల్పము, కలహము లధికము. 1920 జనవరి 1వ తేదీన ఒడంబడికలు రద్దాయెను.

1926లో సాధు కుప్పుస్వామిగారు తమిళ, తెలుగు, మలయాళీలను గూర్చి సన్మార్గ ఐక్య సంగమును స్థాపించిరి. పాఠశాలలు నెలకొల్పిరి. 1941లో తెలుగువారు ప్రత్యేకముగ దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును ఏర్పఱచుకొనిరి. సన్మార్గ సంగమువారి వార్షికసభ ఈస్టరు సెలవులలో జరుగును. ఆ సభలో ఉపన్యాసములతో బాటు కాలిబంతి పోటీలు, ఆటలు, పాటలు, విందులు నుండును. దీవులనుండి, పట్టణములనుండి యువకులు ఆట కొఱకు వచ్చి, సంగపు సభ్యులై పోవుదురు. మన మహాసభలలో మూడు గంటల యుపన్యాసముల పిమ్మట యువకులు వెనుక వరుసలనుండి నెమ్మదిగ జాఱుకొనుచుండుట యెఱిగిన కార్యవర్గమువారు దీనిని ఆలోచింపగలరు.

మూడవ క్యాంపు

క్యాంపు అను మాట రెండు తావుల వచ్చినది. మూడవది మన యిండ్లలోనే యున్నది. 1970ల చివరినుండి నిజామాబాదు, కరీంనగరు జిల్లాలవారు గల్ఫ్ దేశములకు బోవుచున్నారు. అచట కూలీలు నివసించు వరుస గదులకు గూడ లేబరు క్యాంపనియే పేరు. ఆ దేశములలో బహ్రెయిన్ దీవుల సముదాయము. గల్ఫ్ దేశములలో పెక్కింట శుక్రవారము సెలవు. ఆ దినమున మన గ్రామములవారు గుడ్డలుదుకుకొని, వంట కలిపి వండుకొని, ఇంటికి ఫోను చేసి, పొరుగు క్యాంపులోని ఊరివానిని చూడబోవుదురు. గది పంచుకొన్నవాని కులమెవరు నడుగరు. జ్వరము వచ్చినపుడు గంజి కాచి యిచ్చినవాడే అన్న. నూటయేబది సంవత్సరముల క్రిందటి ఆదివారమే ఇది. పేరు మాత్రము శుక్రవారమాయెను.

అతడు రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై ఇంటికి వచ్చును. కార్తికమాసమగుచో మన సంఘపు వనభోజనములకు దీసికొని పోవుదుము. అచట ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేయుదుము. ప్రక్కన మఱియొక కులపువారి షామియానా, దాని ప్రక్కన వేఱొకరిది. దీవిలో ఒకే పళ్లెమున దినివచ్చిన ఇద్దఱు స్నేహితులు ఇచట రెండు షామియానాల క్రింద విడివిడిగ గూర్చుందురు. ఇది మనకు సహజముగ దోచుచున్నది. వారికెట్లు దోచునో మనమెన్నడును అడుగలేదు.

కులసంఘములు వ్యర్థములని నా యభిప్రాయము గాదు. వసతిగృహములు కట్టించి, పేద పిల్లలను చదివించి, వితంతువుల నాదుకొన్న సంఘముల సేవను తక్కువచేయువాడు కృతఘ్నుడు. కాని కార్తిక వనభోజనమున ఉసిరిచెట్టు నీడను పంచుకొనుటకు శాస్త్రమేదియు కులమును నియమింపలేదు. మన సంఘ మా చెట్టు క్రింద చేయదగిన పనులు రెండు మూడు విన్నవించెదను.

కార్తికమాసపు ఆదివారములలో నొక్క ఆదివారమును కందకుర్తి సంగమమున సర్వజన వనభోజనముగ మన సంఘము తన వ్యయముతో జరుపవలెను. క్యాంపు గ్రామములవారిని, మూతపడిన చక్కెర కర్మాగారములో పనిచేసిన కుటుంబములను, భర్తలు గల్ఫ్‌లో నున్న సోదరీమణులను కులవిచక్షణ లేక ఆహ్వానింపవలెను. ఆనాడు వంట పురుషులు చేసి, స్త్రీలకు ముందు వడ్డింపవలెను. దీవిలోగాని దేశములోగాని సెలవుదినమున పొయ్యికి సెలవు లేదు; విహారమనగా స్త్రీకి వేఱొక చోట వండుటయే యగుచున్నది. ఈ యొక్కదినమైనను దానిని మార్పవలెను.

రెండవది, ఆనాడొక చిట్టా తెఱవవలెను. సముద్రము దాటిన మన జిల్లావారి పేరు, ఇంటిపేరు, గ్రామము, వెళ్లిన సంవత్సరము, చేరిన దేశము అందు వ్రాయవలెను. మారిషసు కచేరి గుమాస్తా పన్నుకొఱకును కాపలాకొఱకును వ్రాసిన చిట్టా ఇపుడు మనుమలకు తాతను చూపించు దీపమైనది. మనము ప్రేమతో వ్రాసినది మఱింత యుపకరింపదా? ఆ చిట్టాలో కులమునకు గడి యుంచవలెనా వలదా యను విషయమును మహాసభవారే నిర్ణయింపవచ్చును. నా మట్టుకు, ఓడలో నిలువని గడిని మఱల గీయుట యనావశ్యకమని తోచుచున్నది.

మూడవది, యువకుల కొఱకు ఆటలు. మంజీర యిసుకలో కబడ్డీకి మించిన వసతి యేది? ఆటకు వచ్చినవాడు పాటకు నిలుచును. పాటకు నిలిచినవాడు సభకు వచ్చును. ఫిజీవారి యనుభవమిదియే.

సంగమమున మూడు నదులు కలియుచున్నవి. మంజీర మన చెఱకును తడిపి వచ్చినది, హరిద్ర చిన్నది, గోదావరి పెద్దది. కలిసిన పిమ్మట ఆ నీటికి గోదావరియనియే పేరు. అదియే దిగువకు బోయి, మన సోదరులు ఓడలెక్కిన తీరమున సముద్రమును జేరుచున్నది. ఈ వనభోజన ప్రతిపాదనను రాబోవు కార్తికమునకు ముందే కార్యవర్గ సమావేశమున చర్చకు బెట్టి, వ్యయమునకు దాతలు ముందుకు రావలసినదిగ సవినయముగ ప్రార్థించుచున్నాను.

స్వస్తి.